తవిటయ్య పేరు రాసిన డబ్బా

ఏటి పాపా, మలం పరీక్ష అంటే తాత సిగ్గుపడి మాటాడ్డం లేదనుకున్నావా? కాదు. నువ్వు తెచ్చిన ఆ డబ్బా చూడగానే మా తవిటయ్య గుర్తొచ్చినాడు. నీకు తెలీదులే, అప్పటికి నువ్వు ఐదేళ్ల గుంటవి. ప్రియా ప్రియా అని నిన్ను సైకిలు మీద తిప్పీవోడు. ఆడిదీ నాదీ మనవైపు ఒకే ఊరు, ఇక్కడ ఉక్కు ఫేక్టరీలో ఒకే షిఫ్టు. పర్సుడీహ్ నుంచి పక్కపక్కనే సైకిళ్లు తొక్కుకుంటా పనిలోకి ఎల్లీవోళ్లం. ఆదివారం సాక్చి బజార్లో చేపల బేరం ఆడిదే. "హమ్ రోజ్ ఆతా హై, తుమ్ అయిసా బోల్తా హై?" అని, రోజూ వచ్చీవోళ్లకి ఇదా రేటని, వచ్చీరాని హిందీలో అంటే ఆ చేపలోడు నవ్వాపుకోలేక రేటు తగ్గించీసీవోడు. ఇప్పుడు నానొక్కడినే ఎల్తే మొప్ప ఎత్తి చూడ్డం కూడా మర్చిపోతన్నాను. ఏటి చెప్తన్నాను? ఆఁ, డబ్బా. మాకు యాభై దాటిన కొత్తలో ఎవుళ్లో ఒక మలం పరీక్షల కేంపు పెట్టినారు. "కల్ సుబహ్ లేకే ఆనా" అని, రేపు పొద్దున్న పట్టుకు రమ్మని, చెరో డబ్బా చేతిలో పెట్టీసినారు. ఎందుకో, దాంట్లో ఏటి తేలతాదో ఒక్కడూ చెప్పలేదు. మా తవిటయ్య నలుగుర్లో లెట్రిన్ అన్న మాటే అనీవోడు కాదు. "నా వల్ల కాదు బావా. నా హాజరీ నువ్వే వేత్తావు కదా, ఇదీ అలగే ఇచ్చీ" అన్నాడు. నిజమే, ఆడు లేటయితే ఆడి కార్డు నాను కొట్టీవోడిని, నాను లేటయితే ఆడు. దానికేటిలే అని రెండు డబ్బాల్లోనూ నాదే పెట్టి, ఒకదాని మీద ఆడి పేరు రాసి ఇచ్చీసినాను. అంతా బాగుందని ఇద్దరికీ చీటీలొచ్చినాయి. బిష్టుపూర్లో టీ తాగి నవ్వుకున్నాం.

ఏడాది తిరిగేసరికి ఆడికి నెత్తురు పడ్డం మొదలైనాది. డాక్టరు దగ్గరికి ఎల్దామని పెళ్లాం అడిగితే ఆ చీటీ తీసి చూపించీవోడు. "బాగుందని రాసిచ్చినారు కదే, ఇవి మొలలు" అని. నా ఎదరే చూపించినాడు పాపా. అది నా చీటీ అని నాను చెప్పలేదు. మొలలే అయ్యుంటాయని నానూ అనుకున్నాను. ఎనిమిది నెలలు అలగే గడిపీసినాడు. ఆఖరికి ఎల్తే పేగులో కేన్సరు, ముదిరిపోనాదన్నారు. ఆడి పెళ్లానికి ఇప్పటికీ ఈ సంగతి తెలీదు.

ఇందాక నువ్వెంత ఓపిగ్గా చెప్పినావు? నెత్తురు తేలితే కేన్సరనే కాదు, పేగులోకి కెమెరా పెట్టి చూడాల. తేలకపోతే ఇంక రాదనీ కాదు. అంతా విని వద్దనుకుంటే వద్దనొచ్చు అని. ఆ ముక్కలు ఆడికెవుళ్లు చెప్పినారు? విని వద్దన్నా బాగుండును, అది ఆడి మాట అయ్యీది. ఆడి మాట నాను చెప్పీసినాను. ఆడు పోయి పద్దెనిమిదేళ్లయినాది, ఇప్పటికీ నాకు ఆదివారం గడవదు.

ఇయ్యి, నాది రేపు పొద్దున్న ఇత్తాను. ఏటీ, మీ మామ్మ డబ్బా కూడా నన్నే తీసుకోమంటావా? ఆవిడకి నాను నచ్చచెప్పాలా? నాను చెప్పను పాపా. ఓలె జోగమ్మా, పొయ్యి కట్టీసి ఇలగ్రా. ప్రియ నీతో మాటాడాలట.