సుగ్గి లారీ ముందు

కోసిగి దగ్గరి ఒక పల్లెలో, గుంటూరు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే కూలీల లారీ బయలుదేరబోతోంది. రిటైరైన టీచరమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. లారీ మీదనుంచి ఒక తల్లి అరిచింది.

"అడ్డం లెయ్ టీచరమ్మా! రేపు అసెంబ్లీలో నీకు సన్మానమంట కదా, ఇంకా ఈడనే ఉండావే?"

"కారొచ్చి నిలబడుకోనుండాది. నీ కూతుర్ని దించు, పోతా."

"సుజనను దించితే చిన్నోన్ని ఎవురు చూస్తారు? నేను కాయలు తెంపాల్నా, వాన్ని ఎత్తుకోని తిరగాల్నా?"

"వాన్నీ దించు. ఆయమ్మి బడికి పోతాది, వాన్ని నేను చూసుకుంటా."

"నువ్వు అసెంబ్లీకి పోతే?"

"అయితే పోను. శాలువా పోస్టులో పంపించమంటా."

"అయ్యో, అంత పెద్ద సన్మానం వదులుకుంటావా?"

"పిల్లల్ని ఇట్లాంటి లారీలనుంచి దించినందుకే గదా ఆ సన్మానం! నీ బిడ్డ లారీలో పోతాంటే నేను ఏ మొగం పెట్టుకోని కప్పించుకోవాల?"

తల్లి చిన్నోన్ని రెండు చేతులతో ఎత్తి లారీ అంచు దాకా తెచ్చింది.

"పట్టుకో, దించుతాండా. ఇద్దర్నీ నీ కార్లోనే అసెంబ్లీకి తీసుకపో. వీళ్లమ్మ యాడుండాదని ఆడ పెద్దోళ్లు అడిగితే, ఊర్లో పని లేక మిరప చేన్లో ఉండాదని సుజనతోనే చెప్పించు."