ఇద్దరి బరువుకు

ఏందన్నా గిది, నాలుగోసారి వస్తున్న నీ దుకాణానికి. కొత్త షాకబ్జర్లు వేసినంక బండి మెత్తగ పోతదంటివి. ఎక్కడ మెత్తగ? మూసాపేట నుంచి నానక్‌రామ్‌గూడ పొయ్యేసరికి నా నడుము రెండు ముక్కలైతున్నది.

నువ్వే చేత్తోని ఒత్తి చూడు. చూసినవా? సీటు మీద మొత్తం బలం పెట్టి ఒత్తినా రెండు వేళ్ల మందం గూడ దిగుతలేదు. కంపెనీవే నయముండె. గవి కనీసం కిందికన్న పోయేటివి. గివి ప్రతి గుంత కాడ నన్ను మీదికి ఎగరేస్తున్నయి.

లేదు, నీ పనికి వంక పెడుతలేను. నరేందరన్న చెయ్యి పడ్డ బండి మళ్ల రిపేరుకు రాదని మా ఆఫీసుల పది మందికి చెప్పినోణ్ని నేను. అందుకే ఇంక ఎక్కువ కోపమొస్తున్నది.

మొదటిసారి ఏం జేసినవ్? కంపెనీ షాకబ్జర్లే ఉంచి, కింద ఆ మెట్ల రింగు తిప్పి స్ప్రింగు బిగించినవ్. పని కాలే. వాటికెళ్లి ఆయిల్ కారుతున్నదని నేనే పట్టువట్టి తీయించి సాదావి వేయించిన. నెల గూడ కాలే. ఇగ ఇప్పుడు ఈ పక్కకు గ్యాస్ డబ్బాలున్న షాకబ్జర్లు. వారం దినాలు ఫోన్ల వీడియోలు చూసి చూసి తెప్పిచ్చుకున్న. వెనక కూసున్నోళ్లకు సోఫాల కూసున్నట్టుంటదని చెప్పిండు అండ్ల ఒకాయన.

వెనక కూసున్నోళ్లకే అన్నా. నా కోసం కాదు. మెర్సీ కోసం.

మా ఇంటామెను నువ్వు చూసినవ్ కదా. ఏలూరామె, ప్రతి మాటకు అండి అంటది. అప్పట్ల పంక్చరై మేము వచ్చినప్పుడు, సైలెన్సర్ తగిలి నీ చెయ్యి కాలి ఉంటే, గా బల్ల మీద కూసొని కట్టు కట్టింది. నర్సు ఆమె. నానక్‌రామ్‌గూడల ఒక ఆఫీసు టవర్ కింద క్లినిక్‌ల. నాది పక్క బిల్డింగే, కంప్యూటర్లు మొరాయిస్తే బాగు జేసే పని. ఆరేండ్లు ఇదే బండి మీద ఇద్దరం పోయినం, ఇద్దరం వచ్చినం. వానొస్తే ఒకే రెయిన్‌కోటు. నేను ముందర తొడుక్కుంటే ఆమె వెనకకెళ్లి దాంట్ల తల పెట్టేది.

జూన్ల ఆ స్పీడ్ బ్రేకర్ సంగతి నీకు చెప్పిన. బండి ఎగిరి పడ్డది. నాకేం కాలే. మెర్సీ సీటు మీదికెళ్లి లేచి, మళ్ల సీటు మీదనే ధన్మని కూలబడ్డది. నడుముల ఎముక నొక్కుకపోయి చిట్లింది. నెల రోజులు మంచం దిగలే. రెండు నెలలు బెల్టు.

ఇప్పుడు నడుస్తున్నది, డ్యూటీకి పోతున్నది. బండి ఎక్కొచ్చు, జర మెల్లగ పోండి అన్నడు డాక్టరు. కని ఎక్కదు. పొద్దున మూసాపేటల మెట్రో ఎక్కుతది, అమీర్‌పేటల మారుతది, రాయదుర్గంల దిగుతది, ఆడికెళ్లి షేర్ ఆటో. ముగ్గురు కూసునే కాడ ఐదుగురు. ఆ ఆటోల నడుము నొయ్యదా మరి? అడిగిన. 'అలవాటైపోయిందండి' అన్నది.

షాకబ్జర్లు మార్చిన ప్రతిసారి బండి కడిగి, తుడిచి, గేటు ముందర పెడుత. 'మెర్సీ, ఒక్కసారి కూసొని చూడు' అంట. 'రేపు చూద్దాంలెండి' అంటది. తెల్లారితే మెట్రో కార్డు పట్టుకొని పోతది.

మొన్న గచ్చిబౌలి సిగ్నల్ కాడ ఆమె ఆటో, నా బండి పక్కపక్కన ఆగినయి. ఆమె చెయ్యి ఊపింది. నేను గూడ ఊపిన. పెండ్లిల ఎదురువడ్డ దూరపు చుట్టాల లెక్క. పచ్చ లైటు పడ్డది, ఇద్దరం ఒక్క తొవ్వకే పోయినం.

ఏంది, సెట్టింగా? స్ప్రింగు రింగు నాలుగో మెట్టు మీద ఉన్నది. నువ్వే పెట్టినవ్ కదా, ఇద్దరు కూసుంటరని చెప్పిన కాబట్టి.

అవును, నేనొక్కణ్నే తిరుగుతున్న అని నీకు చెప్పలే. ఒక్కని బరువుకు గట్టిగనే ఉంటది, తెలుసు. రింగు కిందికి తిప్పితే మెత్తగైతది, రెండు నిమిషాల పని, అది గూడ తెలుసు.

వద్దు. పానా పెట్టకు. ఆ రింగు ముట్టకు అన్నా, నీకు దండం పెడుత. రేపు పొద్దున ఆమె ఎక్కుతనంటే? అప్పుడు నీ దుకాణం తెరిచేదాక ఆగాల్నా?

మరి నన్నేం చెయ్యమంటవ్ అంటే నాకేం తెలుసు. ఇంకో రకంవి ఉంటే చూడు. స్ప్రింగు మార్చు. ఏదో ఒకటి ఖరాబై ఉంటది కదా. ఏం ఖరాబ్ కాకుండ గంత దెబ్బ ఎట్ల తగుల్తది మనిషికి?

ఏమంటున్నవ్? నా పాత కంపెనీవి ఇంక ఉంచినవా? చూపియ్యి.

వీటికి ఏం కాలేదా? మరి గా ఆయిల్? చైనుకు కొట్టిన ఆయిలే చింది పడ్డదా?

అప్పుడే ఎందుకు చెప్పలే? చెప్పినవా. చెప్పే ఉంటవ్. నేనే విన్లే.

జర గా స్టూలు ఇటియ్యి, కూసుంట. నువ్వు గూడ కూసో. పని తర్వాత చేద్దువు.

జూన్ల బండి ఎగిరి పడ్డ ఆ రోజు పొద్దున మెర్సీకి ఫోన్ వచ్చింది. గచ్చిబౌలిల పెద్ద దవాఖానల హెడ్ నర్సుగ తీసుకున్నరు. సోమవారం చేరాలె. రెండేండ్ల నుంచి ఆ పోస్టు కోసం చదువుకుంట, పరీక్షలు రాసుకుంట తిరిగింది. ఫోన్ పెట్టి, వంటింట్ల నిలబడి, ప్రార్థన చేస్కుంట ఏడ్చింది. నేను 'మంచిదే' అని బూట్లు తొడుక్కున్న. గంతే అన్న. నాది ఇంక కాంట్రాక్టు నౌకరే. పర్మనెంట్ చేస్తమని మూడుసార్లు చెప్పి చెయ్యలే. ఆమె ఏడుస్తుంటే నాకు అదే యాదికొచ్చింది.

బండి మీద వెనకకెళ్లి అడిగింది. 'మీకు సంతోషంగా లేదాండి?'

నేను ముందరున్న ఆటోకు హారన్ కొట్టిన. కొత్తగూడ దాటినం. మళ్ల అడిగింది. మాట్లాడలే. 'హెల్మెట్ పెట్టుకున్నా మీ మొహం తెలుస్తుందండి' అన్నది. నవ్వుకుంటనే అన్నది. నన్ను నవ్వియ్యాలనే అన్నది. నాకు ఒళ్లంత మండింది. రేసు పెంచిన.

భుజం మీద రెండుసార్లు తట్టింది. 'మెల్లగా అండి, ముందు బ్రేకరుంది' అన్నది.

విన్న అన్నా. చూసిన. రోజు దాటే బ్రేకర్, నాకు తెల్వదా? కాలు బ్రేకు మీదనే ఉండె. తొక్కలే.

కింద పడెయ్యాలని కాదు, దేవుని తోడు. జర ఎగిరి పడితే నోరు మూస్తది అనుకున్న. గంతే అనుకున్న.

మూసింది. అరవలే గూడ. నా అంగీ పట్టుకున్న చెయ్యి వదిలేసింది, గది తెలిసింది నాకు.

దవాఖానల డాక్టరు 'ఎట్లయిందమ్మా' అని అడిగిండు. నేను పక్కనే నిలబడ్డ. నేను నోరు తెరవకముందే ఆమె చెప్పింది. 'బండి షాకబ్జర్లు పోయాయి సార్. ఆయన తప్పేం లేదు.' నా దిక్కు చూడలే.

చేరాల్సిన సోమవారం దాటిపోయింది. గచ్చిబౌలి దవాఖానోళ్లు పదిహేను దినాలు ఆగిండ్రు, పాపం. తర్వాత ఇంకొకామెను తీసుకున్నరు. మంచం మీద పండుకొనే వాళ్లతోని ఫోన్ల మాట్లాడింది. 'పర్వాలేదండి, మీరేం చేస్తారు' అన్నది. నేను ఆమె పక్కల కూసొని బత్తాయి ఒలుస్తున్న అప్పుడు.

షాకబ్జర్లు పోయినయి అన్న మాటనే పట్టుకున్న నేను. మా పాస్టరయ్యకు అదే చెప్పిన, ఆమె అన్నకు అదే చెప్పిన, నీకు అదే చెప్పిన. చెప్పి చెప్పి, మార్పిచ్చి మార్పిచ్చి, నేనే నమ్మెటట్టు అయిన. ఒక్కసారి ఆమె ఎక్కి కూసొని 'ఇప్పుడు బాగుందండి' అంటే తప్పు బండిదే అయిపోతదనుకున్న.

నాలుగు నెలలాయె. నన్ను ఒక్క మాట అనలే. అన్నం పెడుతది, అంగీలు ఇస్త్రీ చేస్తది, చర్చిల పక్కన కూసుంటది. బండి మాత్రం ఎక్కదు.

నాకు చాయ్ చెప్తున్నవేంది? తిట్టన్నా తిట్టు.

టైమెంతైంది? శనివారం కదా, ఆమెకు సగం పూట డ్యూటీ. ఇంకో పావుగంటల మూసాపేటల మెట్రో దిగుతది. బండి ఈడ్నే ఉండని, నేను స్టేషన్ దాక నడిచి పోత. ఇద్దరం నడుచుకుంట ఇంటికి పోతం. తొవ్వల చెప్త.

ఆమెకు తెల్వనిది ఏముందని చెప్పాలె? ఏం లేదు. అంత తెలుసు ఆమెకు. కని నా నోటితోని నేను చెప్పలే ఇంతవరకు.

నా మాట విన్నంక గూడ ఆటోలనే పోతనంటే, పోనియ్యి అన్నా. ఇగ నేను ఎక్కుమని అడగ.