ఏనుగు మార్కు లేహ్యం

నరసాపురం పాత లైబ్రరీలో మిట్టమధ్యాహ్నం. రేపే కోర్టు వాయిదా. లేహ్యం కొట్టు వెంకటరాజుగారికి కుర్చీలో కుదురు లేదు. ఎదురుగా లైబ్రేరియన్ హెలెన్, ఆవిడ చేతిలో ఓ పాత పంచాంగం.

“దొరికిందన్నారు, మరి ఇవ్వరేంటండీ హెలెన్ గారూ?”

“ముందు మంచినీళ్ళు తాగండి రాజుగారూ.”

“నీళ్ళు కాదండి, పేజీ! మా ముత్తాతగారి ప్రకటన ఉందా, లేదా?”

“ప్రకటన ఉందండి. 1911 పంచాంగం. గ్రహణాల పేజీకీ పడవల వేళలకీ మధ్యన. ఏనుగు బొమ్మ కూడా ఉంది.”

“ఆయ్! నే చెప్పలేదూ? అఫిడవిట్‌లో అదే రాసిచ్చానండి. ఆ రోజుల్లో పంచాంగంలో పడిందంటే తిరుగులేదు. షావుకార్లంతా అది చూసే సరుకు తెప్పించుకునేవారు. ఇది జడ్జిగారి ముందు పెడితే, నేను కేసేసిన ఆ చిట్టెమ్మ ఏనుగు బొమ్మతో ఇంకొక్క డబ్బా అమ్మడానికి వీల్లేదు.”

“పెట్టకపోతేనో?”

“కేసు కొట్టేస్తారు. ఆవిడ సగం ధరకి అమ్ముతోందండి బాబూ, నెల తిరక్కుండా నా కొట్టుకి తాళం. ఏం, అలా అడుగుతున్నారేంటి?”

“కింద ఓ హెచ్చరిక ఉందండి.”

“చదవండి మరి.”

“మీరే చదువుకోండి.”

“కళ్ళజోడు తేలేదండి, చదవండి!”

“‘మా కొట్టున మందు నూరుటకు కుదిరి, పని మానివేసిన జగన్నాథరాజు అనువాడు మా ఏనుగు గుర్తుతోనే లేహ్యము అమ్ముచున్నాడు. కొని మోసపోకుడు. ఇట్లు, మాసాబత్తుల పేరయ్య.’”

“...మళ్ళీ చదవండి.”

“ఎన్నిసార్లు చదివినా అదేనండి.”

“జగన్నాథరాజు మా ముత్తాతగారే. మాసాబత్తులంటే... చిట్టెమ్మ వాళ్ళే కదండీ?”

“వాళ్ళేనండి.”

“చచ్చాను. పెడితే దొంగల వంశమంటారు. పెట్టకపోతే కొట్టు మూత. అయ్యో అయ్యో... ఇది ఇంకెవరైనా చదివారా?”

“నేను తప్ప ఎవరూ చదవలేదు.”

“అయితే దొరకలేదనేద్దాం. కొట్టు పోతే పోనీ, పరువైనా మిగులుతుంది. మీ లైబ్రరీలో చెదలు లేవా ఏంటి? మీకు దణ్ణం పెడతానండి.”

“మా కాపీ ఎప్పుడో చెదలు తినేసిందండి. ఇది చిట్టెమ్మది.”

“చిట్టెమ్మదా! మరి ఆవిడకి తెలిసిపోయిందా?”

“ఆవిడకి చదువు రాదు కదండీ. మీరు దీనికోసం ఊరంతా వెతికిస్తున్నారని విని, అటక మీంచి తీసి తెచ్చింది. ‘రాజుగారికి ఇచ్చెయ్యండమ్మా, ఇదందితేనైనా నన్ను వదిలేస్తారేమో’ అంది.”