పేరెక్కించే వైకుంఠం

హుస్సేనీ ఆలం చాయ్ హోటల్ల బల్ల గట్టిగ ఉంటదని, షేర్ల దలాలీ చేసే వైకుంఠం తన గుడ్డసంచి కిందేసుకొని కూసున్నడు. ఎదురుంగ గౌలిపుర పాలాయన బుచ్చయ్య. వాళ్ల అక్క రుక్మిణమ్మ రెండు బర్రెలమ్మి మిల్లు షేర్లు కొన్నది. ఆ కాగితం కంపెనీల ఇచ్చి, రిజిస్టర్ల ఆమె పేరు ఎక్కించే పని వైకుంఠానిది. ఇయ్యాల సాయంత్రం రిజిస్టర్ మూస్తరు. పేరెక్కకుంటె ఈ ఏడు లాభంల వాటా అమ్మినాయనకే పోతది.

"పోదమా అన్నా?" అన్నడు బుచ్చయ్య.

"చాయ్ తాగనీయ్ బుచ్చయ్యా, ఫికరెందుకు, నేనున్న గద! కంపెనీ ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లనే, నయాపూల్ దాటుడే. ఒకపారి ఏమైందో ఎర్కేనా? అమరనాథ్ సేటు సోమశేఖర్‌కు పది షేర్లమ్మిండు, సోమశేఖర్ అవే విఠల్‌రావుకు అమ్మిండు, విఠల్‌రావు మళ్ల తెచ్చి అమరనాథ్‌కే అమ్మిండు. నా కాగితమేదంటె నా కాగితమేదని ముగ్గురు ఒకటే లొల్లి. నేను నడిమిట్ల నిలవడి, 'తిరిగి తిరిగి ఎక్కడియక్కడికే వచ్చినయ్, ఎవరు ఎవరికి ఇయ్యకుండ్రి, ఇండ్లకు పోండ్రి' అన్న. గంతే, ఖతం!"

"మంచిగనే చేసినవ్ భాయ్" అన్నడు గల్లా కాడి హోటలాయన.

"గదేం జూసినవ్! తెల్లారేసరికి మా ఇంటి ముందట సేట్ల టాంగాలు, చార్మినార్ దాంక లైను. పండ్లపుల్ల నోట్లకెళ్లి తియ్యకుండనే అందరి లెక్కలు ఒకదానికొకటి కొట్టేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొంబాయికెళ్లి టెలిగ్రాం వచ్చింది! 'వైకుంఠం సాబ్, జల్ది రాండ్రి, కాగితాలు దూలాల దాంక పేరుకపోయినయ్, దలాలులు కిటికీలకెళ్లి దిగుతున్నరు' అని. నేను పోలే. నాంపల్లి టేషన్ల ఫోన్ వట్టుకొని ఒకటే చెప్పుడు, వీనిది వానికి కొట్టెయ్, వానిది వీనికి కొట్టెయ్! తీగ ఎర్రగ కాలింది."

"ఫోన్ తీగనా!"

"కాలదా మరి! గంతట్ల లండన్ లైన్ల వడ్డది. గనులు, రైళ్లు, జహాజులు, లండనోళ్లు ఒకలకొకలు అమ్ముకున్నయన్ని గూడ కొట్టేసిన. మొత్తం దునియాల ఎవరు ఎవరికి ఏమియ్యద్దు. ఆఖరికి కంపెనీల చేర్చేటి కాగితాలు ఎన్ని మిగిలినయో చెప్పు బుచ్చయ్యా?"

"అన్నా, నాలుగు గొట్టింది..."

"ఒక్కటి! గింత దునియాల ఒక్కటంటె ఒక్కటే కాగితం!"

బుచ్చయ్య వంగి చూసిండు. వైకుంఠం తొడ కింద నలిగిన సంచిలకెళ్లి ఒక కాగితం కొస కనవడుతుంది. దాని మీద పాలచుక్క మరక, నెల కింద తనే ఇచ్చినప్పుడు వడ్డది.

"దునియా మొత్తం లెక్క తెంపినవు గదన్నా" అన్నడు మెల్లగ. "గా మిగిలిన ఒక్కటి మా అక్కది. జర లే, దానిమీదనే కూసున్నవ్."