మతి లేనిదాని సంతకం

టైలరింగ్ షాపులో తల్లి జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. వార్డు ఎన్నికల్లో నిలబడ్డ కొడుకు కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఏంట్రా అది?"

"ఇక్కడ నా ఎన్నికల ఆఫీసు పెడతానమ్మా. షాపు నీ పేరు మీదుంది కదా, ఒప్పుకున్నట్టు సంతకం కావాలి."

"మొన్న ఓటర్ల జాబితా విచారణలో, అధికారి ఎదుట, నలుగురి ముందూ ఏం చెప్పావు?"

"అదిప్పుడెందుకమ్మా?"

"మా అమ్మకి మతి చలించింది, ఓటు తీసేయండి అన్నావు. తీసేశారు. మతి లేనిదాని చేతిలో కత్తెరుంది, కాస్త ఎడంగా నిలబడు."

"మామయ్య నా మీద పోటీకి దిగాడు. తోడబుట్టినవాడికి వేస్తావేమోనని..."

"వేస్తానన్నానా?"

"నాకు వేస్తాననీ అనలేదుగా."

ఆవిడ గుడ్డ తిప్పి ఇంకో అంచు కత్తిరించింది.

"మతి చలించిందన్న మాట ఓటు వరకేనమ్మా."

"ఓటుకు లేని మతి సంతకానికి ఎక్కణ్ణుంచి వస్తుందిరా? పద, ఆ అధికారి దగ్గరికే వెళదాం. మా అమ్మ బుద్ధి బాగానే ఉంది, నాదే వంకర అని చెప్పు. అక్కడే సంతకం పెడతాను."

"చెప్పినా లాభం లేదు. పేర్లు చేర్చే గడువు నిన్నటితో అయిపోయింది."

"అయితే నా సంతకానికీ అయిపోయింది."

ఆవిడ కాగితం మడిచి కొడుకు జేబులో పెట్టి, మళ్ళీ కత్తెర అందుకుంది.