ఆలస్యంగా పడే అడుగు

ఐర్లండ్‌లోని ఎన్నిస్ పట్నంలో ఆదివారం మధ్యాహ్నం కచేరీ ముగిసింది. పాత ఐరిష్ బాణీలను ముక్కలు చేసి, అప్పటికప్పుడు తోచినట్టు వాయించే బృందం అది. హాలు మెట్ల దగ్గర ముసలావిడ, ఆ బృందంలో ఫిడేలు వాయించిన తన పాత శిష్యురాలిని ఆపింది.

“నలభై నిమిషాలు వాయించావు. నేను నేర్పిన బాణీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను.”

“నచ్చలేదని చెప్పండి టీచర్, ఓ పనైపోతుంది.”

“బాణీని ఏమైనా చేసుకో, నాకేం? చివర్లో అందరూ ఆగాక ఒక్కదానివే కాలితో తాళం వేశావే, అర క్షణం ఆలస్యంగా. అదెక్కడిది?”

“అందరూ మెచ్చుకునేది దాన్నే. మా బృందం కనిపెట్టిన కొత్త నడక అని పేపర్లో కూడా రాశారు.”

“నువ్వు కాదనలేదా? ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ల పేరు చెప్పాకే మనం బాణీ ఎత్తుకుంటాం. చెప్తే నోరు పడిపోయేదా?”

“మీ పేరేగా? రేపట్నుంచి చెప్తాలెండి.”

“నా పేరు కాదు. ఆ అడుగు మా తమ్ముడు ఫింటన్‌ది. ఇంటి కప్పు మీంచి పడి వాడి కాలు వంకరైంది.”

“మీకో తమ్ముడున్నాడా? పదకొండేళ్లు నేర్పారు, ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదే!”

ముసలావిడ కోటు గుండీలు పెట్టుకుంది. పెట్టుకున్నవే మళ్లీ తీసింది.

“అప్పట్లో డాన్సులకి వాయించే బృందం నాది, వాడూ అందులో ఉండేవాడు. పోటీలకి వెళ్లే ముందు, తాళం తప్పిస్తున్నాడని వాణ్ణి తీసేశాను. మళ్లీ వాడు ఫిడేలు ముట్టలేదు.”

“మరి మీ కాలూ ఆలస్యంగానే పడేదిగా? నేను మీ కాలు చూసే నేర్చుకున్నాను.”

“వాడు పోయాకే నాకలా పడ్డం మొదలైంది.”