కంటి వెనక పరదా

1984, జంషెడ్‌పూర్, భాలుబాసా. రెండింటికి డ్యూటీ దిగాల్సిన క్రేను డ్రైవరు ఆదిబాబు పదిన్నరకే ఇల్లు చేరాడు. ఇంట్లో భార్య చిలకమ్మ ఒక్కతే ఉంది.

“ఒలే చిలకా, గుమ్మానికి పరదా ఏదే?”

“ఉతికి ఆరేసినాను. నిన్న డాక్టరు నీతో అన్నాడు కదా, ‘పరదా ఖరాబ్ హో గయా’ అని. బయటికి వినబడినాది. మనింటి పరదా ఊసు ఆయనకెవరు మోసినారో గాని, సిగ్గేసినాది.”

“ఓలబ్బో! సోడా వేసి ఉతికినావా?”

“నవ్వకు. ఇంత పెందలకడ వచ్చినావేటి?”

“అది గుమ్మం పరదా కాదే. నా కంటి పరదా. కన్ను వెనకాల ఉంటాదంట, సినిమా హాల్లో తెరలాగ. సుగరు ముదిరి దాని మీద సన్న నరాలు కారతన్నాయంట.”

“కారడమేటి? నెత్తురా?”

“నెత్తురే. బస్తీలో కొళాయి కారదు గాని, నా కన్ను కారతన్నాది.”

“నొప్పెట్టనేదా?”

“నొప్పెడితే ఎప్పుడో ఆస్పత్రికి పోదునే. నొప్పీ లేదు, ఎరుపూ లేదు. గోడ మీద అచ్చరాలన్నీ చదివీసినాను. కంట్లో చుక్కలేసి, లైటు కొట్టి చూసినాక గాని దొంగ దొరకనేదు. ఆ చుక్కలకి పట్టపగలే చుక్కలు కనబడినాయి.”

“నీ పరాచికాలు ఆపు. మందేటి?”

“ఉన్న చూపు నిలబడాలంటే సుగరు దించాల, బీపీ దించాల. కలకత్తాలో లైటు కిరణంతో కారే నరాలకి మాటేత్తారంట, బిందెకి వేసినట్టు. పోయిన చూపు మాత్రం రాదంట.”

“అయితే పద, రేపే రైలెక్కుదాం.”

“క్రేనెక్కినోడిని రైలెక్కమంటావేటి? కళ్ళకని ఛుట్టీ అడిగితే కిందికి దింపెయ్యరేటి? పాతికేళ్ళు పైనే ఉన్నాను. నా కళ్ళు నెత్తికెక్కినాయిలే.”

“మళ్ళీ! డాక్టరు చీటీ ఫోర్‌మేన్‌కి చూపించినావా, లేదా?”

“నిన్న చూపించనేదు.”

“మరి ఇవాళ?”

“టీ పెట్టు. పంచదార ఒద్దు.”

“పంచదార ఒద్దా? నువ్వా? ఏటయినాది? పదిన్నరకే ఎందుకొచ్చినావు?”

“అలిసిపోనాను చిలకా.”

“ఎందుకొచ్చినావంటే...”

“చీటీ ఇచ్చీసినాను. క్రేను దిగిపోనాను.”

“ఎవరు దింపినారు?”

“ఎవరూ దింపనేదు. నానే... నెల్నుంచీ కళ్ళ ముందు నల్ల మచ్చలు ఆడతన్నాయే, దోమల్లాగ. కన్ను ఎటు తిప్పితే అటు తిరిగీవి. అలవాటయిపోనాయి. పట్టించుకోడం మానీసినాను.”

“నాకు చెప్పనే లేదు!”

“ఇవాళ ఇనప దిమ్మెత్తి దింపతన్నాను. దిమ్మ కింద ఓ మచ్చ. కన్ను తిప్పినాను. తిరగనేదు. మళ్ళీ తిప్పినాను. తిరగనేదే! బ్రేకేసీసినాను.”

“ఏటది?”

“మీ తమ్ముడు సూర్యం. నాను చూసినాననుకొని చెయ్యూపతన్నాడు.”